పన్ను రేటు 810 శాతమా? ఆస్తి పన్ను అంకెలను చదివే పద్ధతి

బెర్లిన్‌లో 2024 చివరి దాకా ఆస్తి పన్ను రేటు 810 శాతం. అచ్చుతప్పు కాదు, అక్షరాలా ఎనిమిది వందల పది. 2025 జనవరి 1 నుంచి దాన్ని 470 శాతానికి దించారు. రేటు ఒక్క దెబ్బకు అంత పడిపోయింది కాబట్టి బిల్లులూ అంతే పడిపోయి ఉంటాయని అనుకుంటాం. కొందరికి తగ్గాయి, కొందరికి పెరిగాయి. పెరిగినవాళ్లలో ఏళ్లుగా అదే ఇంట్లో, ఒక్క ఇటుక కూడా కొత్తగా పేర్చకుండా ఉంటున్నవాళ్లూ ఉన్నారు.

ఇక మిగతా ఊళ్లు చూడండి. న్యూయార్క్ నగరంలో చిన్న ఇళ్ల మీద రేటు 20 శాతం దగ్గర తిరుగుతుంటుంది. హైదరాబాద్‌లో పై శ్లాబు 30 శాతం. కాలిఫోర్నియాలో 1 శాతం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం. ఇంగ్లండ్‌లో ఇళ్లకు అసలు శాతమే లేదు, ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు ఉంటాయి. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ కడుతున్నారో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఆదాయపు పన్నులో 30 శాతం అంటే ఎక్కువ, 5 శాతం అంటే తక్కువ అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆస్తి పన్నులో ఆ అలవాటు పనికిరాదు.

కారణం ఒక్కటే. రేటు అనేది సగం మాట. "ఎంత శాతం?" అని అడిగిన నోటితోనే "దేని మీద?" అని అడగాలి. ఆ రెండో ప్రశ్నకు ప్రతి దేశం, ఒక్కోసారి ప్రతి జిల్లా, వేరే జవాబు చెబుతుంది. ఇల్లు అమ్మితే వచ్చే ధర మీదా? అందులో ఒక వాటా మీదా? అద్దెకిస్తే వచ్చే డబ్బు మీదా? ముప్పై ఏళ్ల కిందట పలికిన ధర మీదా? జవాబు ఏదైనా, దానికి తగ్గట్టు రేటు ఉబ్బుతుంది లేదా చిక్కిపోతుంది.

ముందు బెర్లిన్ ముడి విప్పుదాం. అక్కడ కొత్త పద్ధతిలో ఒక ఇంటి పన్ను విలువ, అంటే పన్ను లెక్క కోసం ఆ ఇంటికి కట్టిన విలువ, 3 లక్షల యూరోలు అని తేలిందనుకోండి. నివాస భవనం కాబట్టి చట్టం చెప్పే గుణకం వెయ్యికి 0.31. అంటే 3 లక్షల్లోంచి ముందుగా 93 యూరోలు తీసి పక్కన పెడతారు. ఇది ఇంకా పన్ను కాదు, పన్నుకు పునాది. ఆ 93 యూరోల మీద నగరం తన 470 శాతం వేస్తుంది. బిల్లు 437 యూరోల 10 సెంట్లు. ఇంటి విలువలో చూస్తే 0.15 శాతం కూడా లేదు. 470 అనే అంకె విని గుండె ఆగినంత పనైనవాళ్లు దాన్ని 93 పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది.

అలాంటప్పుడు పాత 810 ఎక్కడి నుంచి వచ్చింది? పాత పద్ధతిలో ఇంటి విలువను పశ్చిమ జర్మనీలో 1964 నాటి లెక్కలతో, తూర్పు జర్మనీలో 1935 నాటి లెక్కలతో కట్టేవారు. విలువలు అంత పాతబడితే వాటిలోంచి నేటి ఖర్చులకు డబ్బు రాబట్టాలంటే రేటును ఆకాశానికి ఎత్తక తప్పదు. ఒకే రకం ఇళ్లకు అసమానంగా పన్ను పడుతోందంటూ 2018 ఏప్రిల్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ పద్ధతిని కొట్టేసింది. కొత్త విలువలు కట్టారు, అవి పెద్దవయ్యాయి, రేటు చిన్నదైంది. విలువలు అందరికీ ఒకే పాళ్లలో పెరగలేదు కాబట్టి రేటు తగ్గినా కొందరికి బిల్లు పెరిగింది. ఆస్తి పన్ను గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది. మిగతాదంతా దాని రకరకాల వేషాలు.

మిల్స్ లెక్క

అమెరికాలో చాలా రాష్ట్రాల బిల్లుల్లో శాతం బదులు 'మిల్' కనిపిస్తుంది. ఒక మిల్ అంటే డాలర్‌లో వెయ్యో వంతు. 1792 నాటి నాణేల చట్టంలో సెంట్‌తో పాటు మిల్‌నీ లెక్కల కోసం పేర్కొన్నారు. సెంట్ నాణెమై జేబుల్లోకి వచ్చింది. మిల్‌ను మాత్రం కేంద్ర ప్రభుత్వం ఎన్నడూ ముద్రించలేదు. అది పన్ను బిల్లుల్లో మిగిలిపోయింది.

20 మిల్స్ అంటే పన్ను విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 20 డాలర్లు. అంటే వందకు 2, అంటే 2 శాతం. మిల్స్‌ను పదితో భాగిస్తే శాతం వచ్చేస్తుంది. ఇంతవరకు కష్టమేమీ లేదు. టెక్సస్, న్యూజెర్సీల్లో రేటును వంద డాలర్లకు ఇంత అని రాస్తారు కాబట్టి అది సూటిగా శాతమే. మసాచుసెట్స్‌లో వెయ్యికి ఇంత అంటారు, మిల్ అనకపోయినా అది మిల్లే. కొన్ని చోట్ల 20 మిల్స్‌ను 0.020 అని దశాంశంలో రాస్తారు. దాన్ని చూసి 0.02 శాతం అనుకుంటే లెక్క వంద రెట్లు తప్పుతుంది.

ఈ వెయ్యి లెక్క ఎందుకు బతికి ఉంది అంటే, అది పన్ను కట్టేవాళ్ల కంటే వసూలు చేసేవాళ్లకు ఎక్కువ సౌకర్యం. ఒక స్కూల్ బోర్డు పరిధిలో ఇళ్లు, దుకాణాలు అన్నీ కలిపి పన్ను విలువ 50 కోట్ల డాలర్లు అనుకోండి. ఒక మిల్ వేస్తే 5 లక్షల డాలర్లు వస్తాయి. కొత్త బస్సులకు 10 లక్షలు కావాలంటే రెండు మిల్స్. బడ్జెట్ సమావేశంలో "మనకు ఒక మిల్ అంటే ఎంత?" అనేది అందరికీ తెలిసి ఉండాల్సిన అంకె. వినేవాళ్ల చెవికి కూడా "రెండు మిల్స్ పెంచుతున్నాం" అనేది చాలా చిన్న మాటలా తోస్తుంది. మీ ఇంటి బిల్లు ఇన్ని డాలర్లు పెరుగుతుంది అని చెప్పాల్సి వస్తే చేతులు అంత తేలిగ్గా పైకి లేవవేమో.

అసలు చిక్కు మిల్‌లో లేదు, దాని కింద ఉన్న విలువలో ఉంది. చాలా రాష్ట్రాలు మార్కెట్ విలువ మొత్తం మీద పన్ను వేయవు. అందులో ఒక వాటా మీదే వేస్తాయి. జార్జియాలో 40 శాతం, ఒహాయోలో 35 శాతం, కనెక్టికట్‌లో 70 శాతం. సౌత్ కరోలినాలో యజమాని సొంతంగా ఉండే ఇంటికి 4 శాతం, అద్దెకిచ్చిన ఇంటికి 6 శాతం. న్యూయార్క్ నగరంలో చిన్న ఇళ్లకు 6 శాతం. మసాచుసెట్స్‌లో పూర్తి విలువ.

3 లక్షల డాలర్ల ఇల్లు ఒకటి తీసుకుని ఈ పద్ధతులన్నిటి గుండా నడిపిద్దాం. రేట్లు లెక్క కోసం నేను వేసుకున్నవి, వాటాలు మాత్రం అసలువే. మసాచుసెట్స్ పద్ధతిలో వెయ్యికి 12 డాలర్లు అనుకుంటే, 300 వేలకు 3,600 డాలర్లు. వంద లెక్కన రాసే చోట 1.20 డాలర్లు అనుకుంటే, మళ్లీ 3,600. జార్జియా పద్ధతిలో విలువ 1,20,000కు దిగుతుంది, రేటు 30 మిల్స్ అనుకుంటే 3,600. న్యూయార్క్ నగరం పద్ధతిలో విలువ 18,000, రేటు 20 శాతం, మళ్లీ 3,600. సౌత్ కరోలినా పద్ధతిలో విలువ 12,000కు పడిపోతుంది, రేటు 300 మిల్స్ అనుకుంటే, అక్కడా 3,600.

వెయ్యికి 12, వందకు 1.20, 30 మిల్స్, 20 శాతం, 300 మిల్స్. ఐదు అంకెలు, ఒకే బిల్లు. అన్ని చోట్లా ఇంటి విలువలో 1.2 శాతమే పోతోంది. ఈ 1.2నే వాస్తవ రేటు అంటారు. కట్టిన పన్నును ఇంటి మార్కెట్ విలువతో భాగించి వందతో హెచ్చవేస్తే అది వస్తుంది. రెండు ఊళ్లను పోల్చడానికి పనికొచ్చేది అదొక్కటే. రేట్ల పట్టికలు పక్కపక్కన పెట్టి "ఫలానా రాష్ట్రంలో 300 అట, మన దగ్గర 30 మాత్రమే" అని వాదించేవాళ్లు కనిపిస్తే ఈ లెక్క చూపించండి.

అద్దె మీద పన్ను

ఇంటి ధర బదులు దానికొచ్చే అద్దెను పునాదిగా తీసుకునే పద్ధతి ఇంకొకటుంది. భారత నగరాల్లో చాలాకాలం నడిచింది ఇదే, ఇప్పటికీ కొన్ని చోట్ల నడుస్తోంది. బ్రిటన్‌లో వ్యాపార భవనాలకూ ఇదే. ఫ్రాన్స్‌లోనూ ఇదే, అయితే అక్కడి అద్దె విలువలకు మూలం 1970 నాటి లెక్కలు. వాటినే ఏటా ఒక సూచీ ప్రకారం పెంచుకుంటూ వచ్చి, అందులో సగం మీద పన్ను వేస్తారు. 2023లో పారిస్ తన రేటును 13.5 నుంచి 20.5 శాతానికి పెంచిందంటే ఆ 20.5 పడేది ఈ సగం మీద.

హైదరాబాద్ 30 శాతాన్ని కూడా ఇలాగే చూడాలి. అది ఇంటి ధరలో 30 శాతం కాదు, కార్పొరేషన్ లెక్కగట్టిన ఏడాది అద్దెలో 30 శాతం. అంటే మూడున్నర నెలల అద్దె కంటే కాస్త ఎక్కువ. భవనం వయసును బట్టి కొంత తగ్గింపు ఉంటుంది. ఆ 30 కూడా ఒకే పన్ను కాదు. సాధారణ పన్ను 15, పారిశుద్ధ్యం 9, వీధి దీపాలు 3, డ్రైనేజీ 3, ఇవన్నీ కలిస్తే 30. కింది శ్లాబులకు సాధారణ పన్ను మాత్రమే తగ్గుతుంది, 2, 4, 7 అని. మిగతా 15 అలాగే ఉంటుంది. అందుకే శ్లాబులు 17, 19, 22, 30 అనే వింత అంకెల్లో కనిపిస్తాయి. పై శ్లాబు మొదలయ్యేది నెలకు 300 రూపాయల అద్దె విలువ దాటగానే. ఆ గీత ఏ కాలంలో గీశారో అంకెను చూస్తేనే తెలిసిపోతుంది. 300 రూపాయలకు ఇప్పుడు ఏ ఇంట్లోనూ వరండా కూడా రాదు. కాబట్టి నాలుగు శ్లాబులు కాగితం మీద ఉన్నా ఆచరణలో ఎక్కువ ఇళ్లకు వర్తించేది ఒక్కటే.

బ్రిటన్‌లో వ్యాపార భవనాల రేటును పౌండ్‌కు ఇన్ని పెన్నీలు అని చెబుతారు. 2024-25లో ఇంగ్లండ్‌లో చిన్న వ్యాపారాలకు అది 49.9 పెన్నీలు. అంటే ఏడాది అద్దె విలువలో దాదాపు సగం. వినడానికి దోపిడీలా ఉంటుంది. ఏడాది అద్దె భవనం ధరలో 5 శాతం అనుకుంటే ఈ సగం ధరలో 2.5 శాతానికి వస్తుంది. తక్కువేం కాదు గానీ, సగం అని విన్నప్పుడు కలిగే ఊహకు చాలా దూరం.

అద్దె రేటును ధర రేటులోకి మార్చుకోవడానికి ఇదే దారి. ఒక ఊళ్లో ఏడాది అద్దె ఇంటి ధరలో 3 శాతం ఉంటుందనుకుంటే, అద్దె మీద 30 శాతం పన్ను అంటే ధర మీద 0.9 శాతం. కార్పొరేషన్ రాసుకున్న అద్దె నిజం అద్దెలో సగమే అయితే ఇంకా సగం తగ్గి 0.45. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ తీసుకున్న మలుపు చూడండి. అక్కడ 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ పద్ధతి వదిలేసి భవనం, స్థలం మూలధన విలువ మీద, అంటే వాటి ధర మీద, పన్ను వేయడం మొదలుపెట్టారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం. పదుల్లో ఉన్న రేటు దశాంశాల్లోకి వచ్చింది కాబట్టి పన్ను తగ్గిందని ఎవరూ సంబరపడలేదు. ఎందుకంటే కొత్త పునాది చాలా పెద్దది. పాత పన్ను మీద పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చిందంటేనే లెక్క ఎటు వెళ్తోందో అర్థమవుతుంది.

ఇందులో ఇంకో తేడా కూడా ఉంది. అద్దె విలువలు మళ్లీ ఎప్పుడు సవరించాలన్నది రాజకీయ నిర్ణయం, అందుకే ఏళ్ల తరబడి జరగదు. ధర మీద కట్టే పన్ను మాత్రం రిజిస్ట్రేషన్ విలువలు పెంచినప్పుడల్లా రేటును ఎవరూ ముట్టుకోకుండానే పెరగగలదు. రేటు కదలనంత మాత్రాన పన్ను కదలలేదని కాదు.

రేటు ముందా, బడ్జెట్ ముందా

దీన్ని సరిగ్గా పట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. కొన్ని చోట్ల రేటు చట్టంలో రాసి ఉంటుంది. విలువ దానితో గుణించగా ఎంత వస్తే అంత. ఇంకొన్ని చోట్ల లెక్క తిరగబడి నడుస్తుంది. ముందు ఊరికి ఎంత డబ్బు కావాలో తేలుస్తారు, దాన్ని ఊరిలోని మొత్తం పన్ను విలువతో భాగిస్తారు, వచ్చిందే రేటు. అమెరికాలో చాలా పట్టణాల్లో ఈ రెండో పద్ధతి.

అలాంటి ఊళ్లో మదింపు నోటీసు వచ్చి, ఇంటి విలువ 10 శాతం పెరిగిందని చూసి యజమాని బిల్లు కూడా 10 శాతం పెరుగుతుందని భయపడతాడు. ఊరి మొత్తం విలువ 20 శాతం పెరిగి, ఊరికి కావాల్సిన డబ్బు నిరుటి మాదిరే ఉంటే జరిగేది వేరు. రేటు ఆరో వంతు తగ్గుతుంది. ఇతని బిల్లు 8 శాతానికి పైగా తగ్గుతుంది. అక్కడ చూసుకోవాల్సింది తన విలువ ఎంత పెరిగిందన్నది కాదు, పక్కవాళ్ల కంటే ఎక్కువ పెరిగిందా తక్కువ పెరిగిందా అన్నది. మదింపు అంటే అక్కడ వాటాలు పంచుకోవడమే. మొత్తం ఎంతో బడ్జెట్ తేలుస్తుంది.

ఈ మర్మం తెలిసిన కౌన్సిళ్లకు మంచి వెసులుబాటు దొరుకుతుంది. విలువలు 20 శాతం పెరిగిన ఏడాది రేటును 5 శాతం తగ్గించి "పన్ను రేటు తగ్గించాం" అని ప్రకటించుకోవచ్చు. వసూలు మాత్రం 14 శాతం పెరుగుతుంది. దీనికి అడ్డుకట్టగానే టెక్సస్‌లో ప్రతి స్థానిక సంస్థ, నిరుటి ఆస్తుల మీద నిరుటంతే డబ్బు రావాలంటే ఈ ఏడాది రేటు ఎంత ఉండాలో లెక్కగట్టి బయటపెట్టాలి. దాన్ని దాటితే పేరుకు రేటు తగ్గినా నిజానికి అది పెంపే. 2019లో చేసిన చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు మామూలు ఖర్చుల వసూళ్లను 3.5 శాతం మించి పెంచాలనుకుంటే ఓటర్ల అనుమతి కావాలి. ఒహాయో 1976లోనే ఇంకో దారి పట్టింది. ఓటర్లు ఆమోదించిన మిల్స్ విలువలు పెరిగే కొద్దీ వాటంతటవే తగ్గేలా చట్టం చేసింది. అందుకే అక్కడ ఓటేసిన రేటు ఒకటి, అమల్లో ఉన్న రేటు ఒకటి అని రెండు అంకెలు కనిపిస్తాయి. చూసేవాళ్లకు తికమకే, కానీ నా ఉద్దేశంలో నిజాయితీ ఉన్న తికమక.

మాటల గారడీ ఇంకొకటుంది. రేటు 1.0 శాతం నుంచి 1.2 శాతానికి పెరిగింది. పెంచినవాళ్లు "0.2 శాతమే" అంటారు. వ్యతిరేకించేవాళ్లు "20 శాతం పెంచారు" అంటారు. మొదటిదాన్ని 0.2 శాతం పాయింట్లు అనాలి, రెండోది బిల్లులో కనిపించే పెరుగుదల. కట్టేవాళ్లకు తగిలేది రెండోదే.

పాత ధరలో ఆగిపోయిన ఇళ్లు

కాలిఫోర్నియా ఓటర్లు 1978 జూన్‌లో ప్రొపొజిషన్ 13 అనే ఆస్తి పన్ను ప్రతిపాదనను ఓటేసి గెలిపించారు. దాని ప్రకారం పన్ను విలువలో 1 శాతమే మూల పన్ను. ఓటర్లు ఆమోదించిన బాండ్ల కోసం వేసేది దానికి అదనం. పన్ను విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొత్త ధర నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది. రేటు చూస్తే అందరికీ ఒకటే, 1 శాతం. ఇంత సరళమైన పన్ను ఇంకోటి లేదనిపిస్తుంది.

1988లో లాస్ ఏంజెలెస్‌లో ఒక మహిళ 1,70,000 డాలర్లకు ఒక మామూలు ఇల్లు కొన్నారు. పన్ను 1,701 డాలర్లు వచ్చింది. అదే ప్రాంతంలో దాదాపు అలాంటి ఇల్లే 1975 నుంచి ఉన్నవాళ్లు కడుతున్నది 358 డాలర్ల చిల్లర. ఆమె కోర్టుకు వెళ్లారు. నార్డ్‌లింగర్ వర్సెస్ హాన్ పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో కోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. కొత్తగా కొనేవాళ్లు పన్ను ఎంతో ముందే తెలిసి కొంటారు, పాతవాళ్లకు ఆ అవకాశం లేదు అనేది కోర్టు వాదనలో ఒక ముఖ్య భాగం. తీర్పు సంగతి అలా ఉంచి మన లెక్క చూసుకుంటే, పైకి 1 శాతం అని ఒకటే కనిపించే రేటు కింద వాస్తవ రేట్లు ఐదు రెట్ల దాకా తేడాతో నడుస్తున్నాయి. రేటు అందరికీ సమానం, పన్ను కాదు.

మిషిగన్, ఫ్లోరిడాల్లోనూ ఇలాంటి పరిమితులున్నాయి. ఫ్లోరిడాలో సొంతంగా ఉండే ఇంటి పన్ను విలువ ఏడాదికి 3 శాతం మించి పెరగదు. మిషిగన్‌లో 5 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. ఇలాంటి చోట ఇల్లు కొనేవాళ్లు అమ్మేవాళ్ల పాత బిల్లు చూసి నెలసరి ఖర్చు లెక్క వేసుకుంటే మరుసటి ఏడాది దెబ్బ తగులుతుంది. ఆ బిల్లు ఇంటితో పాటు రాదు. కొత్త ధరకు రేటు వేసి చూసుకోవడమే దారి.

ఇంగ్లండ్ ఇళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1993లో వచ్చిన కౌన్సిల్ ట్యాక్స్‌లో శాతాలు లేవు. ప్రతి ఇంటినీ 1991 ఏప్రిల్ 1న ఎంత పలికేదో ఊహించి ఎనిమిది బ్యాండ్లలో ఒకదాంట్లో వేస్తారు. 40 వేల పౌండ్ల దాకా ఏ బ్యాండ్, 3,20,000 దాటితే హెచ్ బ్యాండ్. కౌన్సిల్ ప్రకటించేది మధ్యలోని డీ బ్యాండ్ మొత్తం మాత్రమే. దానిలో తొమ్మిదింట ఆరు వంతులు ఏ బ్యాండ్ కడుతుంది, రెట్టింపు హెచ్ బ్యాండ్ కడుతుంది. నిన్న కట్టిన ఇంటికి కూడా అది 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదని లెక్క వేస్తారు. లేని ఇంటికి లేని కాలంలో ధర కట్టడమన్నమాట. వేల్స్ మాత్రం 2003 ధరలకు మారి, పైన ఇంకో బ్యాండ్ కలుపుకుంది.

బ్యాండ్ పద్ధతిలో రేటు కంటికి కనిపించదు గానీ లేకుండా పోదు. 1991 ధరల్లో ఏ బ్యాండ్ పై అంచుకు, హెచ్ కింది అంచుకు ఎనిమిది రెట్ల తేడా. పన్నులో తేడా మూడు రెట్లే. కాబట్టి విలువతో భాగించి చూస్తే చిన్న ఇంటి వాస్తవ రేటే ఎక్కువ. హెచ్‌కు పైన మెట్టు లేదు కాబట్టి ఒకే కౌన్సిల్‌లో ఉన్న పెద్ద ఇల్లూ, దానికి పది రెట్ల భవంతీ ఒకే మొత్తం కడతాయి. రేటును ప్రకటించకుండా దాచడం వల్ల ఈ విషయం మీద గొడవ జరగాల్సినంత జరగదు.

రేటు బాహాటంగా ఉన్న చోట కూడా ఇదే వంకర మదింపులో దూరుతుంది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో చవక ఇళ్లకు నిజం ధర కంటే ఎక్కువగా, ఖరీదైన ఇళ్లకు తక్కువగా విలువ కడుతున్నారని 2017లో పత్రికలు లెక్కలతో బయటపెట్టాయి. అందరికీ ఒకే రేటు, వాస్తవంలో పేదవాడలకు ఎక్కువ పన్ను. మరుసటి ఏడాది పార్టీ ప్రైమరీ ఎన్నికల్లోనే అక్కడి అసెసర్, అంటే ఇళ్లకు విలువ కట్టే అధికారి, ఓడిపోయారు. ఇలాంటిది పట్టుకోవాలంటే ఒక్కటే పరీక్ష. ఈమధ్య అమ్ముడైన ఇళ్ల ధరలను మదింపు విలువల పక్కన పెట్టి నిష్పత్తి చూడాలి. చిన్న ఇళ్లకూ పెద్ద ఇళ్లకూ ఆ నిష్పత్తి ఒకేలా ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు.

ఒక నోటీసు చేతిలో పడితే

జార్జియా పద్ధతిలో ఒక నోటీసు ఊహించుకోండి. పన్ను విలువ 1,36,000 డాలర్లు అని ఉంది. ఇల్లు నిజానికి 3 లక్షలు చేస్తుందని యజమానికి తెలుసు. "సగం కూడా వేయలేదు, మనకే లాభం" అని మడిచి సొరుగులో పడేస్తాడు. కానీ 1,36,000 అనేది 40 శాతం. దాన్ని 0.40తో భాగిస్తే 3,40,000. అంటే అసెసర్ ఆ ఇంటికి 40 వేలు ఎక్కువ కట్టాడు. 30 మిల్స్ రేటు మీద ఏడాదికి 480 డాలర్లు అదనం. వాటా పద్ధతి వల్ల జరిగే పెద్ద నష్టం ఇదే. అంకె చిన్నగా కనిపించి మనిషిని ఊరుకోబెడుతుంది. వాటా ఎంత తక్కువైతే ఈ భ్రమ అంత ఎక్కువ. 4 శాతం వాటా ఉన్న చోట పన్ను విలువ 1,600 డాలర్లు పెరిగిందంటే ఇంటి ధర 40 వేలు పెంచారన్నమాట. 1,600 చూసి అప్పీలుకు వెళ్లేవాళ్లు ఎంతమంది?

మినహాయింపులు కూడా ఎక్కడ తీసేస్తారో చూసుకోవాలి. టెక్సస్‌లో సొంత నివాసానికి స్కూల్ పన్ను లెక్కలో విలువలోంచి కొంత తీసేస్తారు. 2023లో దాన్ని లక్ష డాలర్లకు, 2025లో లక్షా నలభై వేలకు పెంచారు. అది స్కూల్ పన్నుకే వర్తిస్తుంది. కౌంటీకి, నగరానికి, ఆసుపత్రి డిస్ట్రిక్ట్‌కు, కమ్యూనిటీ కాలేజీకి వేర్వేరు మినహాయింపులు, వేర్వేరు రేట్లు. ఒకే బిల్లులో ఐదారు వరుసలుంటాయి, ఒక్కో వరుసకు ఒక్కో పన్ను విలువ ఉంటుంది. అన్ని రేట్లూ కూడి ఒకే విలువతో గుణిస్తే బిల్లుతో కలవదు. వరుసవారీగా గుణించి కూడితేనే కలుస్తుంది.

బిల్లులో రేటు మీద పోట్లాడటానికి వేదిక బడ్జెట్ సమావేశం, లేదంటే ఎన్నిక. ఒక్క మనిషి ఒక్క దరఖాస్తుతో దాన్ని కదిలించలేడు. విలువ మీద మాత్రం ఎవరి అప్పీలు వాళ్లు వేసుకోవచ్చు, దానికి గడువుంటుంది. జార్జియాలో మదింపు నోటీసు వెలువడిన తేదీ నుంచి 45 రోజులు. టెక్సస్‌లో మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులకు, ఏది ఆలస్యమైతే అది. రెండు చోట్లా ఈ గడువు పన్ను బిల్లు చేతికి రాకముందే దాటిపోతుంది.